నాలుగొందల పన్నెండో పిల్ల

నవంబరు పద్నాలుగో తారీఖు పొద్దున్న తొమ్మిదింబావుకి కొత్తలంకపేట జిల్లా పరిషత్ హైస్కూల్లో నాలుగొందల పదకొండు మంది నాయకులు ఒకేసారి పుట్టారు. నాలుగొందల పన్నెండో పిల్లకి ఆరోజు టైఫాయిడ్. ఆ తరవాత జరిగిన గొడవంతా ఆ జ్వరం పుణ్యమే.

కొత్తలంకపేట అంటే రాజమండ్రి అయిపోయి నర్సరీలు మొదలయ్యే చోట ఉన్న శివారు కాలనీ. ఒక పక్క కొత్తగా లేచిన అపార్టుమెంట్లు, ఇంకో పక్క నల్ల కవర్లలో వరసగా గులాబీ అంట్లు, మధ్యలో హైస్కూలు. ఆ హైస్కూలుకి లెక్కల మాస్టారు లక్కోజు సదాశివాచారి గారు. పుట్టుకతోనే శాంతస్వభావులు. సర్వీసులో చేరిన దగ్గర్నుంచీ ప్రభుత్వం వారు ఆ శాంతాన్ని రకరకాలుగా పరీక్షిస్తూ వస్తున్నారు. మొక్కలు లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టారు. ఇళ్ళు లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టారు. ఒక వేసవిలో కుళాయిలు కూడా లెక్కపెట్టారు. లెక్కల మాస్టారన్నాక లెక్కపెట్టే పనులన్నీ ఆయనకే వస్తాయి. వాటి మధ్య ఏ కాస్త సందు దొరికినా పిల్లలకి లెక్కలు చెప్పేవారు. నాయకోదయం వచ్చి ఆ సందు కూడా మూసేసింది.

నాయకోదయం అన్నది ఒక పథకం. పైనుంచి వచ్చింది. పైన అంటే ఎక్కడో, ఎవరో అడిగిన వాళ్ళు లేరు. "ప్రతి విద్యార్థియు నాయకుడే. నాయకుడు కాని విద్యార్థి పాఠశాలయందు ఉండుట పథక స్ఫూర్తికి విరుద్ధము" అని సర్క్యులర్లో రాసుంది. పక్కనే ఖాళీ గడులున్న పట్టిక ఉంది. ప్రతి విద్యార్థి పేరుకి ఎదురుగా ఒక పదవి నింపాలి.

హెడ్‌మిస్ట్రెస్ మట్టపర్తి సుభాషిణి గారు ఆ పట్టిక తెచ్చి ఆచారి మాస్టారి బల్ల మీద పెట్టారు.

"నాలుగొందల పన్నెండు కావాలండి ఆచారిగారూ. శుక్రవారంలోగా."

"మన బళ్ళో అన్ని పనులు లేవు కదండి మేడమ్."

"పనులు అడగలేదండి వాళ్ళు. పదవులే అడిగేరు."

ఆ మాటలో న్యాయం ఉంది. మాస్టారు కూర్చుని రాశారు. మొదటి యాభై తేలిగ్గానే వచ్చాయి. గంట నాయకుడు, చాక్‌పీసు నాయకురాలు, జెండా కర్ర నాయకుడు, సాంబారు నాయకురాలు. వందకి చేరేసరికి గోడ గడియారానికి ఒక నాయకుణ్ణి వేశారు. అది ఆగి ఆరేళ్ళయింది, అయినా నాయకుడుంటే తప్పేమిటి అనుకున్నారు. రెండొందలు దాటాక మూడో బెంచీ కుడి కొసకీ ఎడమ కొసకీ వేరువేరుగా వెయ్యాల్సి వచ్చింది. నిశ్శబ్ద నాయకులని ఎనిమిదో తరగతిలో పద్నాలుగు మందిని వేస్తే, ఆ పద్నాలుగు మందీ ఎవరు పెద్ద అన్న విషయం మీద రెండు పీరియడ్లు అరుచుకున్నారు. పట్టిక మాత్రం నిండింది.

బాలల దినోత్సవం రోజున పిల్లలందరూ కుడిచెయ్యి చాపి ప్రమాణం చేశారు. బాడ్జీలు పెట్టుకున్నారు. ఫోటో తీసి పోర్టల్లోకి ఎక్కించి, ఆ సాయంత్రమే పోర్టల్ మూసేశారు. అప్పుడు తేలింది, ఒక పేరు ఎక్కలేదని. పదో తరగతి నేతల దేవమణి. పన్నెండు రోజులుగా మంచం మీద ఉన్న పిల్లతో ప్రమాణం ఎలా చేయిస్తారు?

"తొంభై తొమ్మిది పాయింట్ ఏడు అయిదు శాతం" అన్నారు సుభాషిణి గారు, నోట్లో చేదు మాత్ర ఉన్నట్టు మొహం పెట్టి. "మండలంలో మిగతా ఎనిమిది స్కూళ్ళూ నూటికి నూరు చేసేశాయండి. మనమే వెనకబడిపోయేం."

దేవమణి నెల చివర్లో బడికొచ్చింది. వెంట వాళ్ళమ్మ వచ్చింది. ఆవిడ నర్సరీలో కవర్లకి మట్టి నింపే పని చేస్తుంది. గోళ్ళలో ఎర్రమట్టి ఎప్పుడూ పోదు.

"ఈ పిల్లకి మొక్కల డిప్లొమాలో చేరాలనుందండి మాస్టారండి" అందావిడ. "మా ఓనరుగారి అబ్బాయి చెప్పేడు, లెక్కల్లో మంచి మార్కులుంటేనే సీటొత్తాదంట. మిగతావన్నీ చదివేత్తాదండి. లెక్కలకాడే ఆగిపోతాంది. ఆ ఒక్కటీ మీరు గట్టెక్కించండి బాబూ. నాలాగ మట్టి పోసుకుంటా ఉండిపోకూడదండి ఇది."

ఆచారి మాస్టారికి ఆ పిల్లంటే ఇష్టం. అర్థం కాకపోతే కాలేదని చెప్పే పిల్లలు తరగతికి ఒకరుంటే గొప్ప. దేవమణి ఆ ఒకరు. "పరీక్షల్లోపల త్రికోణమితి నీ కూతురికి కొట్టిన పిండి చేసి పెడతానమ్మా" అని మాటిచ్చారు. అప్పటికి నాయకోదయం ఒక్క బాడ్జీల వ్యవహారమే అనుకున్నారాయన. అందుకే అంత ధైర్యంగా మాటిచ్చారు.

మరుసటి వారం మండల నాయకోదయ సమన్వయకర్త పినపళ్ళ విశ్వేశ్వరం గారు రెండో సర్క్యులరు పట్టుకుని వేంచేశారు. ఆయనది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఫైలు భాషలోనే అడుగుతారని చెప్పుకుంటారు.

"పదవులు ఇచ్చినంత మాత్రమున సరిపోదు" అన్నారు విశ్వేశ్వరం గారు. "ప్రతి నాయకుడును నెలకు ఇరువది నిమిషములకు తగ్గకుండా నాయకత్వము వహించి, నిరూపణ పత్రమును సమర్పించవలెను. ఎవరిని నడిపించిరి, ఏమి పని చేయించిరి, ఎంత సమయము, అడుగున సదరు అనుచరుని సంతకము."

"నాయకుడు ఇంకో నాయకుడితో పని చేయించుకోవచ్చాండి?" అన్నారు ఆచారి మాస్టారు.

"కూడదు. అది పదవికి భంగకరము."

"పోనీ తన పని తనే చేసేసుకుంటే?"

"స్వయముగా చేసినచో అది పని యగును గాని నాయకత్వము కాజాలదు. నాయకుడు చేయించవలెను."

"ఇప్పుడు గంట మా వీరన్న కొడుతున్నాడండి. అటెండరు. అతన్నే అనుచరుడి కింద రాసేస్తే?"

"అనుచరుడు విద్యార్థియై యుండవలెను. మీ వీరన్నను తక్షణమే పనులనుండి దూరముగా ఉంచుడు. పిల్లల అవకాశములను హరించుచున్నాడు."

"మరి పిల్లలందరూ నాయకులే కదండి. వీళ్ళు ఎవర్ని నడిపిస్తారు?"

విశ్వేశ్వరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ ప్రశ్న ఆయన్ని ఇంతకుముందు ఎనిమిది స్కూళ్ళలోనూ అడిగారు. "అది క్షేత్రస్థాయిలో పరిష్కరించుకొనవలసిన అంశము" అన్నారు.

అప్పుడు సుభాషిణి గారు మెల్లిగా హాజరు పట్టీ తెరిచారు. మూడు వారాలుగా తలెత్తుకోలేకపోయిన మనిషి మొహంలోకి వెలుగొచ్చింది.

"మాకొకమ్మాయి మిగిలిపోయిందండి" అన్నారు.

ఆ క్షణం నుంచి కొత్తలంకపేట హైస్కూలుకి మండలంలో ఉన్న పరువు ఇంకే బడికీ లేదు. నూటికి నూరు సాధించిన ఎనిమిది స్కూళ్ళలో ఒక్క అనుచరుడు లేడు. ఇక్కడ నిఖార్సయిన అనుచరురాలు, ఏ పదవీ అంటని పిల్ల, రోజూ రెండు జడలు వేసుకుని బడికొస్తోంది.

పోర్టల్ మళ్ళీ తెరిచినా ఆ పిల్ల పేరు ఎక్కించవద్దని సుభాషిణి గారు గట్టిగా చెప్పేశారు.

ఆచారి మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూశారు. నాలుగొందల పదకొండు మంది, మనిషికి ఇరవై నిమిషాలు. ఎనిమిది వేల రెండొందల ఇరవై నిమిషాలు. అంటే నూట ముప్ఫై ఏడు గంటలు. నెలకి ఇరవై నాలుగు పనిదినాలు, రోజుకి ఆరు గంటలు, మొత్తం నూట నలభై నాలుగు. దేవమణి చదువుకోడానికి నెలకి ఏడు గంటలు మిగులుతాయి.

"చూశారా, ఏడు గంటలు మిగిల్చాం" అన్నారు సుభాషిణి గారు సంతృప్తిగా.

బడిలో భోజనాల తరవాత పీరియడ్లన్నీ నాయకోదయానికి కేటాయించారు. లెక్కల పీరియడు ఆ బడిలో మొదటినుంచీ భోజనాల తరవాతే. కాబట్టి పదో తరగతికి లెక్కలు ఆగిపోయాయి. మిగతా పిల్లలకి కనీసం పొద్దుటి పూట తెలుగూ సైన్సూ ఉన్నాయి. దేవమణికి అవీ లేవు. ఆ పిల్లకి వేరే టైంటేబులు వేసి హెడ్‌మిస్ట్రెస్ గది బయట అంటించారు.

గంట నాయకుడు పితాని రోహిత్ గంట దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. దేవమణి వచ్చి కొట్టాలి. ఆ పిల్ల చాక్‌పీసులు తేవడానికి వెళ్ళి ఉంటే గంట ఆలస్యం. గంట ఆలస్యమైతే భోజనాలు ఆలస్యం. సాంబారు నాయకురాలు గరిటె ముట్టుకోదు, ముట్టుకుంటే పనైపోతుంది. దేవమణి వచ్చి కలపాలి. మూడో బెంచీ కుడి కొస నాయకుడికి ఏం చేయించాలో తోచక, ఆ కొస మీద ఇరవై నిమిషాలు దుమ్ము తుడిపించాడు. ఎడమ కొసవాడు అది చూసి తన కొస ఇరవై రెండు నిమిషాలు తుడిపించాడు. అటెండరు వీరన్న ఒక్కడే బడిలో హాయిగా ఉన్నవాడు. సైకిల్ స్టాండ్ నీడలో స్టూలు వేసుకుని, పిల్లల అవకాశాల్ని హరించకుండా కునుకు తీసేవాడు.

ప్రతి పని చివరా కాగితం, కాగితం అడుగున సంతకం. నెల తిరిగేసరికి దేవమణి సంతకం గెజిటెడ్ ఆఫీసరు సంతకంలా తయారైంది. అక్షరాలు పోయి ఒక గీత, దాని మీద ఒక మెలిక మిగిలాయి.

ఆచారి మాస్టారు ఊరుకోలేదు. ఆ పిల్ల వెనకాలే నడుస్తూ పాఠం చెప్పడం మొదలెట్టారు. దేవమణి బకెట్టు పట్టుకుని కుళాయి దగ్గరకి వెళుతుంటే, పక్కన మాస్టారు పుస్తకం పట్టుకుని.

"సైన్ అంటే ఏమిటమ్మా?"

"ఎదుటి భుజం బై కర్ణం అండి. బకెట్టు కొంచెం పక్కకి మాస్టారండి, తడుస్తారు."

"మరి కాస్?"

"కాస్ అంటే అండి..." అనే లోపల బకెట్టు నాయకుడు ఈల ఊదేవాడు. ఇరవై నిమిషాలయ్యాయి. తరవాతి నాయకురాలు కిటికీ దగ్గర ఎదురుచూస్తూ ఉండేది. కుళాయికీ కిటికీకీ మధ్య నలభై అడుగులు. నలభై అడుగుల్లో త్రికోణమితి ఎంతని చెబుతారు?

"బడి వదిలాక ఉంటావా అమ్మాయ్?" అని అడిగారొకరోజు.

"తమ్ముళ్ళిద్దర్నీ అంగన్‌వాడీ నుంచి తెచ్చుకోవాలండి. అన్నం ఒండాలి. అమ్మ చీకటి పడ్డాకే వత్తాదండి." మళ్ళీ తనే అంది, "ఇంటికాడ ఎలాగూ అన్నీ నేనే చూసుకోవాలి కదండి. బళ్ళో అయినా కూర్చుంటే ఎవరో ఒకళ్ళు చెప్తా ఉంటే ఇనాలనిపిత్తాదండి నాకు."

బడికొచ్చిన పిల్ల అడిగింది బెంచీ మీద కూర్చోవడం. అది తప్ప అన్నీ ఇస్తున్నారు.

జనవరిలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. "కుమారి నేతల దేవమణి, అనుచర విద్యార్థిని, పని సర్దుబాటు నిమిత్తము మంగళ, గురువారములలో మండలములోని ఇతర పాఠశాలలకు హాజరు కావలెను. సదరు దినములు ఆన్ డ్యూటీగా పరిగణింపబడును." టీచర్లకి పని సర్దుబాటు మామూలే. విద్యార్థికి రావడం అదే మొదటిసారి. ఎనిమిది స్కూళ్ళ హెడ్‌మాస్టర్లూ ఫోన్లు చేసి మాకు ముందు పంపించండంటే మాకు ముందు పంపించండని సుభాషిణి గార్ని పీక్కుతిన్నారు. ఒకాయన ఆటో పంపిస్తానన్నాడు. ఒకావిడ భోజనంలో కోడిగుడ్డు రెండు వేయిస్తానంది.

ఏడు గంటలు కాస్తా సున్నా దాటి కిందికి వెళ్ళిపోయాయి. పదో తరగతి పరీక్షలకి తొమ్మిది వారాలుంది. త్రికోణమితి రెండు అధ్యాయాలు పుస్తకంలో కాగితాలు విడిపోకుండా కొత్తగానే ఉన్నాయి. "నేను మాటిచ్చానే" అని మాస్టారు అన్నం ముందు కూర్చుని పైకే అనేశారు. ఆయన భార్య, ఎవరికి, ఏమిటి అని కంగారుపడింది.

జనవరి నెలాఖరున విశ్వేశ్వరం గారు పూలదండా శాలువా వెంటబెట్టుకుని వచ్చారు. జిల్లాలోకెల్లా ఏకైక అనుచరురాలికి సన్మానం. పిల్లల్ని ఎండలో నిలబెట్టారు. దేవమణి మీద శాలువా కప్పితే ఆ పిల్ల మోకాళ్ళ దాకా వచ్చింది.

"ఈ బాలిక తొమ్మిది పాఠశాలల నాయకత్వమును ఒంటిచేత్తో నిలబెట్టినది" అన్నారు విశ్వేశ్వరం గారు మైకులో. "ఈమె వంటి అనుచరురాలు నభూతో నభవిష్యతి."

ఆచారి మాస్టారికి అప్పటికప్పుడు తోచింది. శాంతస్వభావులకి ఆలోచనలు ఆలస్యంగా వస్తాయి గాని, వస్తే సూటిగా వస్తాయి. లేచి మైకు దగ్గరకి వెళ్ళారు.

"విశ్వేశ్వరం గారికి నమస్కారం. ఇంత సేవ చేసిన అమ్మాయికి శాలువా ఒక్కటీ చాలదండి. ప్రతి విద్యార్థియు నాయకుడే అని మీరే సెలవిచ్చారు. నాయకుడు కాని విద్యార్థి ఉండుట పథక స్ఫూర్తికి విరుద్ధమనీ ఉంది. ఈ అమ్మాయిని తమరు ఈ వేదిక మీదే నాయకురాలిగా ప్రకటిస్తే, జిల్లాలో నూటికి నూరు చేసిన ఘనత తమ సంతకం మీదే జరిగిందని రాసుకుంటాం."

ఎండలో నిలబడ్డ నాలుగొందల పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. సుభాషిణి గారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు గాని, విశ్వేశ్వరం గారికి అది చప్పట్లలాగే కనిపించింది. తమ సంతకం అన్న మాట ఆయనకి బాగా నచ్చింది. అక్కడికక్కడ ప్రమాణం చేయించారు. కొత్త పదవులేవీ మిగల్లేదు కాబట్టి బాడ్జీ మీద "నాయకురాలు (ఇతరములు)" అని రాశారు.

సోమవారం పొద్దున్న బడిలో గంట మోగలేదు.

రోహిత్ గంట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దేవమణి వాడి పక్కనే బాడ్జీ పెట్టుకుని నిలబడింది. ఇద్దరూ నాయకులే, ఎవరూ ముట్టుకోకూడదు. సాంబారు కలిపే మనిషి లేదు, నీళ్ళు పట్టే మనిషి లేదు. సైకిల్ స్టాండ్ కింద వీరన్న ఒక కన్ను తెరిచి చూసి మూసుకున్నాడు. మాస్టారు లోలోపల సంబరపడ్డారు. ఇక నిరూపణ పత్రాలు సున్నా అని రాసి పంపిస్తారు, పైవాళ్ళకి విసుగొచ్చి పథకం చల్లారిపోతుంది, పీరియడు వెనక్కి వస్తుంది.

పైవాళ్ళకి విసుగు రాలేదు. బుధవారానికల్లా మూడో సర్క్యులరు వచ్చింది. "విద్యార్థులెల్లరును నాయకులైనందున అనుచరుల కొరత ఏర్పడినది. ఉపాధ్యాయులు ఏ పదవియందును నమోదై యుండలేదని రికార్డుల వలన తెలియుచున్నది. కావున సవరించిన నిబంధనల ప్రకారము ఇకమీదట ప్రధానోపాధ్యాయులతో సహా ఉపాధ్యాయులెల్లరును అనుచరులుగా వ్యవహరించవలెను."

సుభాషిణి గారు ఆ కాగితం రెండుసార్లు చదివి ఆచారి మాస్టారి వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆ మధ్యాహ్నమే సాంబారు నాయకురాలు, ఏడో తరగతి పిల్ల, హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోకి గిన్నె పట్టుకుని వచ్చింది. "మేడమ్‌గారండి, ఇది మీరు తాగాలండి. మొత్తం." సుభాషిణి గారు తాగారు. ఆ మర్నాటి నుంచి సాంబారులో పప్పు కనిపించడం మొదలైంది. పీఈటీ మాస్టారి చేత నిశ్శబ్ద నాయకులు పద్నాలుగు మందీ మాట్లాడకుండా కూర్చోవడం చేయించారు. ఆయన జీవితంలో అంత కష్టమైన పని చేసి ఎరగరు. గోడ గడియారం నాయకుడు ఆచారి మాస్టార్ని బల్లెక్కించాడు. మాస్టారి తాతగారు కంసాలి పని చేసిన మనిషి, ఆ చేతి నైపుణ్యం మనవడికీ కాస్త వచ్చింది. పిన్నీసుతో పళ్ళచక్రం సరిచేస్తే ఆరేళ్ళ తరవాత గడియారం టిక్కుమంది. పిల్లలు గుంపుగా వచ్చి చూశారు.

మర్నాడు మాస్టారు స్టాఫ్ రూములో కూర్చుని, ఇవాళ ఏ నాయకుడు ఏ దుమ్ము తుడిపిస్తాడో అనుకుంటూ ఉన్నారు. గుమ్మంలో దేవమణి నిలబడింది. చేతిలో నిరూపణ పత్రం.

"నా వంతు ఇరవై నిమిషాలండి మాస్టారండి" అంది. "రండి."

ఆయన లేచి వెనకాల నడిచారు. వరండా దాటి, కుళాయి దాటి, పదో తరగతి గదిలోకి తీసుకెళ్ళింది. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఏడు మంది కూర్చునే ఉన్నారు. దేవమణి బల్ల మీదున్న చాక్‌పీసు ఆయన చేతికిచ్చి, మూడో బెంచీకి వెళ్ళి కూర్చుంది. రెండు నెలల తరవాత ఆ పిల్ల బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు.

"చెప్పండి మాస్టారండి. కాస్ దగ్గర ఆపేరు."

ఆచారి మాస్టారు బోర్డు వైపు తిరిగి, అవసరానికన్నా నెమ్మదిగా ఒక త్రిభుజం గీశారు. కాస్ అయింది. టాన్ అయింది. జెండా కర్ర నీడ పన్నెండు అడుగులుంటే కర్ర ఎత్తెంత అన్న లెక్క ఎత్తుకునేసరికి, కొత్తగా నడుస్తున్న గడియారం ఇరవై నిమిషాలైందని చూపించింది. మాస్టారు చాక్‌పీసు దించేశారు. నిబంధన నిబంధనే.

రోహిత్ లేచాడు. వాడూ పదో తరగతే. బాడ్జీ సర్దుకున్నాడు.

"నా ఇరవై నిమిషాలు కూడా ఇదే లెక్కకండి. మధ్యలో ఆపేత్తే ఎలాగండి?"

వాడి తరవాత చాక్‌పీసు నాయకురాలు లేచింది. దాని తరవాత జెండా కర్రవాడు, అది తన కర్రే కాబట్టి ఎత్తు తెలుసుకోవడం తన బాధ్యత అన్నాడు. మూడో బెంచీ కుడి కొసా, ఎడమ కొసా కూడా కలిసి లేచాయి. ఇదంతా దేవమణి ముందే అందరితోనూ మాట్లాడి పెట్టిందని మాస్టారికి తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన బోర్డు మూల చిన్నగా లెక్క వేసుకున్నారు. ముప్ఫై ఎనిమిది ఇంటూ ఇరవై, ఏడొందల అరవై నిమిషాలు. పన్నెండు గంటల నలభై నిమిషాలు. రెండు అధ్యాయాలకీ చాలు, పునశ్చరణకి కూడా కాస్త మిగులుతుంది. సర్వీసు మొత్తమ్మీద ఆయనకి ఒక లెక్క అంత తీపిగా అనిపించలేదు.

ఇలా పది రోజులు నడిచింది. గంట కొట్టించాల్సిన రోహిత్ కూడా లెక్కలోనే ఉన్నాడు, గంట ఎలాగూ మోగదు కాబట్టి పాఠం మధ్యలో తెగేది కాదు. పదకొండో రోజున విశ్వేశ్వరం గారు తనిఖీకి వచ్చారు. బడంతా తిరిగి పదో తరగతి గుమ్మంలో ఆగారు. లోపల మాస్టారు చెబుతున్నారు, పిల్లలు రాస్తున్నారు. ఇలాంటి దృశ్యం ఆయన తనిఖీల్లో చూసి చాలా కాలమైంది కాబోలు, చప్పున గుర్తుపట్టలేకపోయారు.

"ఇచ్చట ఏ కార్యక్రమము జరుగుచున్నది? నాయకత్వము వహించుచున్నది ఎవరు?"

ఎవరూ తలెత్తలేదు. కొబ్బరిచెట్టు కొసకి ముప్ఫై డిగ్రీల కోణం, చెట్టు మొదలుకీ మనిషికీ మధ్య దూరం తెలుసు, ఎత్తు సగంలో ఉంది. విశ్వేశ్వరం గారు ఇంకోసారి గట్టిగా అడిగారు. అప్పుడు దేవమణి పెన్ను ఎత్తకుండానే అంది.

"లెక్క మధ్యలో ఉందండి సార్. అక్కడ బల్ల మీద కూర్చోండి. మాట్లాడకండి."

ఆ గొంతులో కోపం లేదు, బెదురూ లేదు. ఇంటి దగ్గర ఇద్దరు తమ్ముళ్ళని అన్నం ముందు కూర్చోబెట్టే గొంతు అది. విశ్వేశ్వరం గారు గుమ్మం పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. చెట్టు ఎత్తు తేలేదాకా మాట్లాడలేదు. ఆఖరికి, రూట్ మూడుని అక్కడ ఎందుకు తెచ్చారో అర్థమైనట్టుంది, బోర్డు కేసి చూసి ఒకసారి తల కూడా ఊపారు.

లెక్క అయ్యాక దేవమణి కొత్త నిరూపణ పత్రం తీసి నింపింది. అందులో ఎక్కడా కొట్టివేత లేదు. ఎవరిని నడిపించారు: పినపళ్ళ విశ్వేశ్వరం గారు, మండల నాయకోదయ సమన్వయకర్త. చేయించిన పని: కూర్చోబెట్టి లెక్క వినిపించుట. సమయం: పదకొండు నిమిషాలు.

తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "ఇక్కడండి సార్" అని అడుగున అనుచరుని సంతకం అన్న గీత చూపించింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, చదవకుండానే సంతకం పెట్టారు. ఎవరు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టడం ఆయనకి ఇరవై రెండేళ్ళ అలవాటు.